పూచీ

చెవిటికల్లు వైపు పల్లెల్లో పూచీ నోటిమాట. పత్తి విత్తనాలు అరువు తెచ్చుకోబోతే కొట్టువాడు "పూచీ ఎవరు?" అంటాడు. పక్కనున్న మనిషి "నాదీ పూచీ" అంటే చాలు, సంచులు బండెక్కుతాయి. అదే మాట నందిగామ కోర్టు మెట్లెక్కితే పూచీకత్తు అవుతుంది. పూచీఖత్తు అని రాసేవాళ్ళూ ఉన్నారు. ఉత్తరమనే అర్థమున్న ఖత్ అందులో వినిపిస్తుంది. ఊళ్ళో పూచీకి మనిషి ముఖం చూస్తారు, కోర్టులో కాగితం చూస్తారు: పట్టాదారు పాసుపుస్తకం, ఇంటిపన్ను రసీదు, ఆస్తి విలువ ధ్రువపత్రం.

మిరపకోతలకు వెళ్ళే ఆడమనిషి పేరిట చాలాసార్లు ఈ కాగితాల్లో ఒక్కటీ ఉండదు. ఆమె అన్నదమ్ములు కౌలుదార్లయితే పాసుపుస్తకం భూమి యజమాని ఇంట్లో ఉంటుంది. బెయిలు మంజూరై కూడా జామీనుదారులు దొరక్క లోపలే ఉండిపోయేది ఇలాంటివాళ్ళే.

జామీను అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చింది. బెయిలుకు మూలమైన లాటిన్ మాటకు బరువు మోయడమని అర్థం. వీటికి ముందు మనకో మాట ఉండేది, పూటకాపు. ఒకరి తరఫున హామీగా నిలిచేవాడు. ఇప్పుడది పాత నిఘంటువుల్లోనే కనిపిస్తుంది. పూట అనగానే నాకు అన్నం వేళ తోస్తుంది. ఆ రెండు పూటలకూ చుట్టరికం ఉందని అనను. కానీ తల్లిని సాయంత్రం రిమాండుకు పంపితే ఆ రాత్రి పిల్లలకు ఎవరు వండిపెడతారన్న ప్రశ్నకు రిమాండు రిపోర్టులో చోటు దొరకడం అరుదు.

ఆరేళ్ళలోపు బిడ్డయితే తల్లితో జైలుకు వెళ్ళవచ్చు. ఆపై వయసువాళ్ళు అమ్మమ్మ దగ్గరో, పిన్ని దగ్గరో, ఒక్కోసారి పెద్దపిల్ల చేతిలోనో మిగులుతారు. ఆ పెద్దపిల్ల బడి అక్కడితో ఆగిపోవచ్చు. తల్లిని రాజమహేంద్రవరం మహిళా కారాగారానికి పంపితే ములాఖత్‌కు బెజవాడ దాటి గోదావరి దాకా పోవాలి, ఆ రోజు కూలి పోగొట్టుకోవాలి.

2022 డిసెంబరు 31 నాటి జాతీయ లెక్కల్లో పిల్లలతో ఉన్న మహిళా ఖైదీలు 1,537 మంది. వారిలో 1,312 మంది విచారణ ఖైదీలు, వాళ్ళ వెంట ఉన్న పిల్లలు 1,479 మంది. ఆ తల్లుల నేరం ఇంకా రుజువు కాలేదు. బయట మిగిలిన పిల్లలను ఆ పట్టిక లెక్కపెట్టదు.

తల్లితో జైల్లో ఉండే పిల్లల గురించి సుప్రీంకోర్టు ఇచ్చిన ముఖ్యమైన తీర్పు పేరులోనే మన రాష్ట్రం ఉంది: ఆర్.డి. ఉపాధ్యాయ్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం. 1994లో వేసిన వ్యాజ్యం, 2006 ఏప్రిల్ 13న తీర్పు. పుట్టిన చోటు జైలని జనన పత్రంలో రాయొద్దని, వీలైనంతవరకు కాన్పు జైలు బయటే జరిగేలా చూడాలని, లోపల పుట్టిన బిడ్డకు నామకరణం జరిపే వీలు కల్పించాలని అందులో ఉంది. ఎంతో దయగల తీర్పు. అయినా అది తల్లి లోపలికి వెళ్ళాక మొదలవుతుంది. నాకు కావలసింది అంతకు ముందటి ఘడియ.

పూచీ దేనికి? మనిషి పారిపోకుండా వాయిదాకు వస్తుందన్న నమ్మకానికి. బిడ్డ పేరు అంగన్‌వాడీ పుస్తకంలో, బడి హాజరు పట్టీలో ఉన్న తల్లి ఊరొదిలి ఎక్కడికి పోతుంది? 1979లో హుస్సేనారా ఖాతూన్ కేసులో జస్టిస్ భగవతి, సొంత పూచీకత్తుపై వదలడానికి చూడదగినవాటిలో కుటుంబ బంధాలను కూడా చెప్పారు. అంతకు ముందు ఏడాది మోతీరామ్ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్, కోర్టున్న జిల్లావాళ్ళే జామీను ఉండాలంటే దూరప్రాంతంలో పట్టుబడ్డ తెలుగువాడి గతేమిటని అడిగారు. మహిళ అయితే తీవ్రమైన కేసుల్లోనూ బెయిలు ఇవ్వవచ్చని పాత నేర విచారణ చట్టం చెప్పింది, 2024 జులై నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టం 480వ సెక్షనూ చెబుతోంది. ఇంట్లో ఉన్న పిల్లలనే పూచీగా లెక్కించడానికి ఇంతకన్నా ఏం కావాలి?

2023 జనవరి 31న సుప్రీంకోర్టు మరో దారి చూపింది. బెయిలు వచ్చిన వారంలోగా మనిషి విడుదల కాకపోతే జైలు అధికారి జిల్లా న్యాయసేవాధికార సంస్థకు తెలపాలి. నెల గడిచినా జామీనుదారులు దొరక్కపోతే షరతులు సడలించే సంగతి కోర్టు తనంతట తానే పరిశీలించవచ్చు. పాసుపుస్తకం ఉన్న మనిషి కోసం ఇల్లిల్లూ తిరుగుతున్న అమ్మమ్మకు ఈ సంగతి ఆమె ఊళ్ళోనే, ఆమెకు తెలిసిన మాటల్లో ఎవరో ఒకరు చెప్పాలి.