డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో మంత్ర నియమాలు

డంజన్స్ అండ్ డ్రాగన్స్ బల్ల చుట్టూ కూర్చుని, పాత్రలు ధరించి ఆడే కాల్పనిక సాహస క్రీడ. గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించిన ఈ ఆట 1974లో అమెరికాలో వెలువడింది.

తొలి కూర్పులలో మాంత్రికుడు మంత్రాన్ని ముందుగా కంఠస్థం చేయాలి. ప్రయోగించగానే దానిని మరచిపోతాడు. రచయిత జాక్ వాన్స్ కథల నుండి గ్రహించిన ఈ భావన కథకు రుచిని, మాంత్రికుని బలానికి హద్దును ఒకేసారి సమకూర్చింది. అయినప్పటికీ ఉన్నత స్థాయిలలో మాంత్రికుడు యోధుణ్ణి మించిపోయేవాడు.

ఈ లోపాన్ని సరిదిద్దడానికి 2008 నాటి నాలుగవ కూర్పు అన్ని వర్గాల పాత్రలకు శక్తులను ఒకే మూసలో ఇచ్చింది. తూకం కుదిరింది గాని, ఖడ్గానికి, మంత్రానికి తేడా తెలియడం లేదని పలువురు ఆటగాళ్ళు విమర్శించారు. 2014 నాటి ఐదవ కూర్పు మళ్ళీ వర్గానికొక పద్ధతిని అనుసరించింది. ఇందులో మాంత్రికుడు మంత్రాన్ని మరువడు. పెద్ద మంత్రాల ప్రయోగాల సంఖ్య మాత్రం పరిమితం.