మణికట్టు లిగమెంటు శస్త్రచికిత్స అనంతర పునరావాసం

మణికట్టులో తెగిన లిగమెంటును (సంధిబంధనాన్ని) శస్త్రచికిత్స ద్వారా సరిచేసిన పిమ్మట చేతికి తిరిగి కదలికను, బలాన్ని సమకూర్చే క్రమబద్ధమైన చికిత్సను పునరావాసం అంటారు. ఇది సాధారణంగా 4 నుండి 6 నెలలు సాగుతుంది. రోజంతా కీబోర్డుపై పనిచేస్తూ, ద్విచక్రవాహనాలపై రాకపోకలు సాగించే ఉద్యోగులు అధికంగా గల హైదరాబాదు హైటెక్ సిటీ, మాదాపూర్, గచ్చిబౌలి ప్రాంతాలలో ఏ పని ఎప్పుడు మొదలుపెట్టవచ్చునన్నది రోగులకు ముఖ్యమైన ప్రశ్న.

నేపథ్యం

మణికట్టులో 8 చిన్న ఎముకలు రెండు వరుసలుగా అమరి ఉంటాయి. వీటిని లిగమెంట్లు కలిపి ఉంచుతాయి. వీటిలో స్కాఫాయిడ్, లూనేట్ అను ఎముకల మధ్య గల లిగమెంటు తరచుగా దెబ్బతింటుంది. బండి జారి పడినపుడు అరచేతిని నేలకు ఆనించడం ఇందుకు ప్రధాన కారణాలలో ఒకటి. ఎముక విరగకపోవడం వలన దీనిని మామూలు బెణుకుగా భావించి వదలివేయడం కద్దు. చికిత్స జరగకపోతే కొన్ని సంవత్సరాలకు కీలు అరిగిపోవచ్చును. శస్త్రచికిత్సలో లిగమెంటును ఎముకకు తిరిగి కుట్టి, అది అతుక్కునే వరకు ఎముకలు కదలకుండా సన్నని లోహపు తీగలు అమర్చుతారు.

దశలు

దిగువ తెలిపిన కాలపరిమితులు సుమారైనవి. గాయాన్ని, శస్త్రచికిత్స పద్ధతిని బట్టి వైద్యుడు వీటిని మార్చవచ్చును.

* మొదటి 8 వారాలు: మణికట్టు కట్టులో గాని స్ప్లింటులో గాని కదలకుండా ఉంటుంది. అయితే వేళ్ళు, మోచేయి, భుజం మొదటి రోజు నుండే కదిలించవలెను, లేనియెడల అవి బిగుసుకుపోతాయి. వాపు తగ్గడానికి చేతిని గుండె కంటె ఎత్తులో ఉంచాలి.
* 8 నుండి 12 వారాలు: తీగలు తొలగించిన తర్వాత ఫిజియోథెరపిస్టు పర్యవేక్షణలో మణికట్టును మెల్లగా వంచడం ప్రారంభిస్తారు. చేతిని బలవంతంగా వంచకూడదు. నమస్కార భంగిమలో అరచేతులను గట్టిగా నొక్కడం కూడా ఈ దశలో తగదు.
* 12 వారాల తర్వాత: మెత్తని బంతిని పిసకడం, తక్కువ బరువులు ఎత్తడం ద్వారా పట్టును క్రమంగా పెంచుతారు.

దైనందిన పనులు

నొప్పి తగ్గడం, లిగమెంటు బలపడడం ఒకటి కావు. నొప్పి ముందుగా తగ్గుతుంది. లిగమెంటు గట్టిపడడానికి నెలలు పడుతుంది. కావున పనులను చేతిపై పడే భారాన్ని బట్టి విభజించుకోవాలి. వైద్యుని అనుమతితో, స్ప్లింటు ధరించి, వేళ్ళతో తేలికగా టైపు చేయడం ముందుగానే సాధ్యపడవచ్చును. బండి నడపడం అలా కాదు. కుడిచేయి యాక్సిలరేటరును, ముందు బ్రేకును, గేరు బండ్లలో ఎడమచేయి క్లచ్చును నొక్కి పట్టుకోవాలి. గుంతల కుదుపు మణికట్టుకే తగులుతుంది. 2019లో హైటెక్ సిటీకి, రాయదుర్గానికి మెట్రో రైలు చేరినందున ఈ ప్రాంత ఉద్యోగులకు బండికి బదులు మరొక మార్గం ఉన్నది. ప్రయాణంలో పట్టీని రెండవ చేతితో పట్టుకోవడం మేలు. చపాతీ పిండి పిసకడం, తడిబట్టలు పిండడం, నీళ్ళ బిందె ఎత్తడం, నేలపై అరచేయి ఊని లేవడం, జిమ్ములో దండీలు తీయడం చివరి దశకు వదలిపెట్టాలి.

క్రీడాకారులు

హైదరాబాదుకు చెందిన టెన్నిస్ క్రీడాకారిణి సానియా మీర్జా 2008లో మణికట్టు శస్త్రచికిత్స చేయించుకున్నది. అదే సంవత్సరం ఆగస్టులో బీజింగ్ ఒలింపిక్స్ సింగిల్స్ మొదటి రౌండులో మణికట్టు నొప్పి కారణంగా ఆట మధ్యలో వైదొలగింది. 2009లో మహేష్ భూపతితో కలిసి ఆస్ట్రేలియన్ ఓపెన్ మిక్స్‌డ్ డబుల్స్ టైటిల్ గెలిచింది.

ఫలితాలు, జాగ్రత్తలు

చాలామందిలో మణికట్టు మునుపటి వలె పూర్తిగా వంగకపోవచ్చును. నొప్పి లేని, స్థిరమైన కీలును సాధించడమే ఈ చికిత్స ముఖ్యోద్దేశం. తీగల చుట్టూ చీము, జ్వరం, వేళ్ళు తిమ్మిరెక్కడం లేదా నీలంగా మారడం, నానాటికి పెరిగే నొప్పి వంటివి కనిపిస్తే వెంటనే శస్త్రవైద్యుని సంప్రదించాలి.