వన్ పీస్ స్విమ్‌సూట్: నిన్నటి వివాదం, నేటి రెట్రో ఫ్యాషన్

రెట్రో ఫ్యాషన్‌లో మళ్లీ మళ్లీ తిరిగొచ్చే వాటిలో మహిళల వన్ పీస్ స్విమ్‌సూట్ ఒకటి. మెడ వెనక ముడివేసే పట్టీలు, నడుం దగ్గర కుచ్చులు, తొడల మీదికి చిన్న స్కర్టులా దిగే అంచు 1940, 50ల నాటి పోకడలు. బికినీతో పోల్చి చాలామంది దీన్ని ఇప్పుడు 'పద్ధతైన' డ్రెస్ అంటారు. వందేళ్ల కిందట మాత్రం పోలీసులు టేపు పట్టుకుని కొలిచింది దీన్నే.

ఈదడానికి పుట్టిన డ్రెస్

19వ శతాబ్దం చివర్లో పాశ్చాత్య దేశాల మహిళలు గౌను, దాని కింద ప్యాంటు, మేజోళ్లతో సముద్రంలో దిగేవారు. నీళ్లు పీల్చి అవి బరువెక్కేవి. ఆ బట్టల్లో మునకేయొచ్చు గానీ ఈత కొట్టడం కష్టం.

ఆస్ట్రేలియా ఈతగత్తె అనెట్ కెల్లర్‌మన్ ఒంటికి అతుక్కునే ఒకే ముక్క సూట్‌ను ప్రచారంలోకి తెచ్చారు. 1907లో అమెరికాలోని బోస్టన్ దగ్గర ఒక బీచ్‌లో ఆ సూట్ వేసుకున్నందుకు ఆమెను అరెస్టు చేశారన్న కథ చాలా ప్రసిద్ధం. అది ప్రధానంగా ఆమె తర్వాతి కాలంలో చెప్పిన మాటల మీద ఆధారపడినదే. మహిళల ఈత పోటీలు తొలిసారి ఒలింపిక్స్‌లోకి వచ్చింది 1912లో, స్టాక్‌హోమ్‌లో.

అరెస్టు కథ సంగతి ఎలా ఉన్నా, కొలతలు నిజమే. 1922లో వాషింగ్టన్‌లో స్విమ్‌సూట్ అంచు మోకాలికి 6 అంగుళాల కంటే పైన ఉండకూడదన్న నిబంధన ఉండేది. ఒక అధికారి మోకాళ్ల మీద కూర్చుని మహిళల సూట్లను టేపుతో కొలుస్తున్న నాటి ఫొటో ఇప్పటికీ ప్రచారంలో ఉంది.

రెట్రో రూపం ఎలా వచ్చింది?

1920లలో స్విమ్‌సూట్లను ఎక్కువగా ఉన్నితో అల్లేవారు. తడిస్తే సాగి జారిపోయేవి. 1930ల మొదట్లో రబ్బరు దారానికి నూలు చుట్టి తయారుచేసిన 'లాస్టెక్స్' రావడంతో బట్ట ఒంటికి పట్టి నిలిచింది. 1940, 50ల సూట్లలో కొన్నిటికి లోపల కార్సెట్ లాంటి పుల్లలు, వెనక జిప్పు కూడా ఉండేవి. ఈతకంటే ఒంటి ఆకృతికే అక్కడ ప్రాధాన్యం. 1958లో డుపాంట్ ప్రయోగశాలలో స్పాండెక్స్ పుట్టాక ఆ పుల్లల అవసరం తగ్గింది. ఇప్పటి రెట్రో సూట్లలో నమూనా పాతది, బట్ట మాత్రం కొత్తది.

1946 జులైలో పారిస్‌లో లూయీ రేయార్ బికినీని ప్రదర్శించారు. అప్పటిదాకా 'తెగించిన' డ్రెస్ అనిపించుకున్న వన్ పీస్, ఆ తర్వాత మర్యాద వైపుకు జరిగింది. డ్రెస్ మారలేదు. పోల్చి చూసే వస్తువు మారింది.

భారత్‌లో: తెర మీద ఒకటి, నీళ్లలో ఒకటి

1938లో మరాఠీ చిత్రం 'బ్రహ్మచారి'లో మీనాక్షి శిరోద్కర్ స్విమ్‌సూట్‌లో కనిపించడం అప్పట్లో సంచలనం. తర్వాత 'ఆవారా' (1951)లో నర్గీస్, 'దిల్లీ కా ఠగ్' (1958)లో నూతన్ కూడా స్విమ్‌సూట్ వేశారు.

షర్మిలా ఠాగూర్ విషయంలో రెండు సంగతులు తరచూ కలిసిపోతుంటాయి. ఆమె బికినీ వేసుకున్నది 1966లో ఫిల్మ్‌ఫేర్ పత్రిక కోసం. 1967 నాటి 'యాన్ ఈవెనింగ్ ఇన్ పారిస్'లో వేసుకున్నది వన్ పీస్. అదే షర్మిల 2004లో సెన్సార్ బోర్డు అధ్యక్షురాలయ్యారు.

సినిమా చర్చల్లో పెద్దగా వినిపించని పేరు ఆరతీ సాహా. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో ఈదినప్పుడు ఈ కోల్‌కతా అమ్మాయికి ఇంకా 12 ఏళ్లు నిండలేదు. 1959 సెప్టెంబరులో ఇంగ్లిష్ చానల్ ఈదిన తొలి ఆసియా మహిళ ఆమే. 1960లో పద్మశ్రీ అందుకున్నారు. పాకిస్తాన్ నుంచి ఒక మహిళ ఒలింపిక్స్ ఈతలో పాల్గొనడానికి 2004 దాకా పట్టింది. ఆ ఏడాది ఏథెన్స్‌లో పోటీపడిన రుబాబ్ రజాకు అప్పుడు 13 ఏళ్లు. నటికి స్విమ్‌సూట్ ఒక సన్నివేశం, ఈతగత్తెకు అది పనిముట్టు. దుస్తుల మీద అభ్యంతరం మొదలైనప్పుడు ఈ తేడా ఎవరికీ గుర్తుండదు. ఆడపిల్లను కొలనుకు పంపాలా వద్దా అన్న ఇంటి నిర్ణయంలోనూ డ్రెస్ ప్రశ్న అడ్డుపడుతుంది.

బెంగళూరు నుంచి హైదరాబాద్ దాకా

1996లో బెంగళూరులో మిస్ వరల్డ్ పోటీలు జరిగినప్పుడు నిరసనలు రెండు వైపుల నుంచీ వచ్చాయి. సంస్కృతి చెడిపోతోందని కొందరు, ఆడవాళ్లను సరుకుగా చూపుతున్నారని మరికొందరు ఆందోళన చేశారు. చివరికి స్విమ్‌సూట్ రౌండ్‌ను సీషెల్స్‌కు తరలించారు. ఆ రౌండ్‌ను ఎత్తేస్తున్నట్టు నిర్వాహకులు 2014 డిసెంబరులో ప్రకటించారు. అందుకే 2025 మేలో హైదరాబాద్‌లో మిస్ వరల్డ్ ఫైనల్ జరిగినప్పుడు ఆ ప్రశ్న రాలేదు.

ఎంత తక్కువ, ఎంత ఎక్కువ?

2009లో రోమ్‌లో జరిగిన ప్రపంచ ఈత పోటీల్లో ఒంటినంతా కప్పే పాలీయురేథేన్ సూట్ల సాయంతో 43 ప్రపంచ రికార్డులు బద్దలయ్యాయి. దాంతో 2010 నుంచి మహిళల సూట్ భుజాలు దాటకూడదని, మోకాలి కిందికి రాకూడదని అంతర్జాతీయ ఈత సమాఖ్య నిబంధన పెట్టింది. కారణం మర్యాద కాదు, వేగం. 2016లో ఫ్రాన్స్‌లో కొన్ని పట్టణాలు ఒళ్లంతా కప్పే బుర్కినీని బీచ్‌లలో నిషేధించాయి. ఒక పట్టణం పెట్టిన నిషేధాన్ని ఆ దేశ అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం ఆగస్టు 26న నిలిపేసింది.

1922లో బట్ట తక్కువైందని కొలిస్తే, 2016లో ఎక్కువైందని జరిమానా వేశారు. రెండు సందర్భాల్లోనూ నియమం పెట్టింది అధికారులే, పాటించాల్సింది నీళ్లలో దిగే మహిళే. పాత నమూనాలో కుట్టిన వన్ పీస్ ఇప్పుడు కొనేవారికి నచ్చితే వేసుకునే డ్రెస్. ఆ ఇష్టం ఇంకా అందరికీ అందుబాటులోకి రాలేదు.