క్రోమ్‌బుక్‌లో మన పాత తెలుగు పాఠాలు



కోరాపుట్, రాయగడ జిల్లాలలో తెలుగు బోధించే మీలో చాలామంది ఇళ్ళలో ఒక పాత సీడీయో, పెన్‌డ్రైవో ఉండే ఉంటుంది. పదిహేను, ఇరవై ఏళ్ళ కిందట డీటీపీ కేంద్రంలో టైపు చేయించుకొన్న ప్రశ్నపత్రాలు, పద్యాల ప్రతిపదార్థాలు, అభ్యాసాలు అందులో దాగి ఉంటాయి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినపుడు మన ప్రాంతం విశాఖపట్నం జిల్లా నుండి విడివడింది. అప్పటినుండి తెలుగు పుస్తకానికి హద్దు దాటి పార్వతీపురమో, విజయనగరమో వెళ్ళడం మనకు అలవాటైంది. అందుచేత ఆ ఫైళ్ళు మనకు చిన్న ఆస్తి కావు.

ఈమధ్య పిల్లవాని కోసం క్రోమ్‌బుక్ కొన్న ఒక తండ్రి నన్నడిగారు: "మాస్టారూ, ఇందులో ఇంటర్నెట్టు తప్ప ఏమీ లేదు. మీరిచ్చిన ఫైలు తెరుచుకోవడం లేదు. డబ్బు దండగేనా?" దండగ కాదు. ఎందుకు కాదో చెప్పాలంటే కొంత చరిత్ర చెప్పక తప్పదు.

1990లలో మన పత్రాలన్నీ పేజ్‌మేకర్‌లో తయారయ్యేవి. అప్పటి తెలుగు ఖతులు ఒక ఉపాయంపై నడిచేవి. ఇంగ్లీషు అక్షరాల గళ్ళలో తెలుగు అక్షరాల ముక్కలను అమర్చేవారు. తెరపై మీకు "అమ్మ" కనిపించినా, కంప్యూటరు లోపల దాచుకొన్నది మాత్రం ఇంగ్లీషు గుర్తులనే. అను, శ్రీలిపి వంటి ఖతులలో ఎవరి అమరిక వారిది. ఆ ఖతి లేని యంత్రంలో ఫైలు తెరిస్తే పిచ్చిగీతలే. 1991లో వెలువడిన యూనికోడ్ తెలుగుకు 128 గళ్ళు సొంతంగా కేటాయించింది. 2001లో విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఖతితో దానిని ఇంటింటికీ తెచ్చింది. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఆర్‌టీఎస్ పద్ధతి, ఆ తరువాత లేఖిని, ఇంగ్లీషు కీబోర్డుతోనే తెలుగు వ్రాయడం నేర్పాయి. కాని అదే 2001లో వచ్చిన చివరి పేజ్‌మేకర్‌కు కూడా యూనికోడ్ తెలియదు. కనుక మన డీటీపీ కేంద్రాలు పాత దారినే పట్టుకొని చాలాకాలం సాగాయి.

ఇక క్రోమ్‌బుక్. 2011 జూన్‌లో ఏసర్, శాంసంగ్ సంస్థలవి మొదట అమ్మకానికి వచ్చాయి. బ్రౌజరే దానికి సర్వస్వం. 2013లో క్రూటన్ అనే ఉపకరణం వచ్చి, అందులో ఉబుంటు లినక్స్‌ను నడిపించింది. అయితే దానికోసం యంత్రపు రక్షణను తొలగించాలి. ఆపైన ఆన్ చేసిన ప్రతిసారీ ఒక హెచ్చరిక తెర వస్తుంది. అప్పుడు ఎవరైనా తెలియక స్పేస్ మీట నొక్కి, తరువాతి తెరలో సరే అంటే లోపలిదంతా తుడిచిపెట్టుకుపోతుంది. నలభైమంది పిల్లలున్న గదిలో అటువంటి యంత్రాన్ని ఉంచడానికి ఏ ఉపాధ్యాయునికి ధైర్యం చాలుతుంది?

ఆ చిక్కు 2018లో తీరింది. ఆ ఏడాది గూగుల్ స్వయంగా లినక్స్‌ను క్రోమ్‌బుక్ లోపల, ఇంటిలో విడిగా తలుపున్న గదిలాగా అమర్చింది. సెట్టింగ్స్‌లో లినక్స్ అన్నచోట ఆన్ చేస్తే డెబియన్ దిగుతుంది. అందులో లిబ్రెఆఫీస్‌ను, పోతన ఖతిని ఉచితంగా చేర్చుకోవచ్చు. ఆపైన నెట్టు లేకున్నా పని సాగుతుంది. కరెంటూ సిగ్నలూ రెండూ నమ్మలేని మన ఊళ్ళకు ఇది ముఖ్యం. బడి యాజమాన్యం తాళం వేసిన యంత్రాలలో మాత్రం ఈ సదుపాయం ఉండకపోవచ్చు.

లిబ్రెఆఫీస్ 2015 నుండి పేజ్‌మేకర్ ఫైళ్ళను కూడా తెరుస్తోంది. నేను ఆశగా తెరిచాను. పుట వచ్చింది, గళ్ళు వచ్చాయి, అక్షరాలు మాత్రం పిచ్చిగీతలు! అంటే లోపం క్రోమ్‌బుక్‌ది కాదు, మనం ఆనాడు దాచుకొన్న తీరుది. మార్పిడి సాధనంతో దానిని యూనికోడ్‌లోకి తెచ్చుకోవాలి. ఒత్తులు తారుమారవుతాయి, ముక్కలుగా కూర్చిన ఘ, మ, య వంటివి దెబ్బతింటాయి. ప్రతి పుటనూ కంటితో చదివి దిద్దుకోవలసిందే.

ఒక మాట ప్రసంగవశాత్తు చెబుతాను. మన గుణుపురం పరిసరాల సవరలకు మంగేయి గొమాంగో 1936లో సృష్టించిన సొరాంగ్ సొంపెంగ్ లిపి 2012లో యూనికోడ్‌లో చేరింది. 1991లోనే చోటు దక్కిన మనం ఇంకా పాత ఖతుల చుట్టూ తిరుగుతున్నామంటే నాకు కొంచెం సిగ్గుగానే ఉంది.

నేను పదవ తరగతి పత్రాలతో మొదలుపెట్టాను. రోజుకు రెండు పుటలు అవుతున్నాయి. మీరు పని తరువాత మొదలుపెట్టినా ఫరవాలేదు. ముందు మీ సీడీలను తీసి, వాటిలోనివి ఏ ఖతిలో టైపు చేసినవో ఒక్కొక్కదానిపై చీటీ అంటించండి. ఆ టైపు చేసినవారు ఊళ్ళో ఉండగానే వెళ్ళి అడగండి.