ఒడ్డును బట్టి ఓటు: గోదావరి ఏజెన్సీలో స్త్రీల ఓటుహక్కు

ఉపోద్ఘాతం

స్త్రీల ఓటుహక్కు చరిత్రను 1848 నాటి సెనెకా ఫాల్స్ మహిళా హక్కుల సభతో మొదలుపెట్టి, అమెరికా రాజ్యాంగ 19వ సవరణతో ముగించడం రివాజు. 1920 ఆగస్టు 18న టెన్నెసీ శాసనసభలో 24 ఏళ్ల హ్యారీ బర్న్, తల్లి రాసిన ఉత్తరం జేబులో ఉండగా, మనసు మార్చుకుని సవరణకు అనుకూలంగా ఓటేశాడు. సవరణ గట్టెక్కింది. ఆదివాసి స్త్రీకి మాత్రం కథ అక్కడ ముగియలేదు. అరిజోనా, న్యూ మెక్సికోల్లో ఆదివాసుల ఓటుకున్న అడ్డును కోర్టులు తొలగించింది 1948లో. చట్టం వచ్చినా ఓటు ఆదివాసి స్త్రీకి ఆలస్యంగానే అందిందన్న ఈ కోణంలోనే తెలుగు నేలపై ఖమ్మం-భద్రాచలం అటవీ సరిహద్దునూ చూడాలి.

రెండు ఏలుబడులు

భద్రాచలం తాలూకా 1860లో నిజాం చేతి నుంచి బ్రిటిష్ వారికి దక్కి, 1874లో మద్రాసు ప్రెసిడెన్సీలో చేరింది. గోదావరి అవతలి ఒడ్డున, ఖమ్మం వైపు, నిజాం పాలనే సాగింది. మద్రాసులో 1917లో విమెన్స్ ఇండియన్ అసోసియేషన్ పుట్టింది. దాని స్థాపకుల్లో ఒకరైన మార్గరెట్ కజిన్స్ ఓటుహక్కు పోరాటంలో జైలుకు వెళ్లివచ్చిన ఐరిష్ మహిళ. 1921లో మద్రాసు శాసనమండలి స్త్రీలకు ఓటు ఇచ్చింది. అయితే ఆ ఓటు ఆస్తికీ పన్నుకూ ముడిపడింది. పోడు చేసుకు బతికే కోయ ఆదివాసి ఇంటికి పట్టా ఎక్కడిది? 1935 భారత ప్రభుత్వ చట్టం భద్రాచలం ఉన్న తూర్పు గోదావరి ఏజెన్సీని పాక్షిక మినహాయింపు ప్రాంతంగా ఉంచింది. 215 స్థానాల మద్రాసు శాసనసభలో స్త్రీలకు 8, వెనుకబడిన ప్రాంతాలకు, తెగలకు కలిపి ఒకే ఒక్కటి కేటాయించారు. నిజాం వైపు ఆ మాత్రం కూడా లేదు.

1952లో రెండు ఒడ్లకూ ఒకేసారి వయోజన ఓటు అందింది. తెర వెనుక ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె. పెట్టె మీద జోడెద్దుల వంటి గుర్తు. నచ్చిన పెట్టెలో కాగితం వేస్తే చాలు, అక్షరం రాకున్నా ఓటు పడేది.

ఏడుసార్లు మహిళలే

1959లో భద్రాచలం ఖమ్మం జిల్లాలో కలిసింది. షెడ్యూల్డ్ తెగలకు కేటాయించిన భద్రాచలం లోక్‌సభ స్థానానికి 1967 నుంచి 2004 వరకు 11 సార్వత్రిక ఎన్నికలు జరిగాయి. బి. రాధాబాయి ఆనందరావు 1967, 1971, 1977, 1980లలో, కర్రెద్దుల కమలకుమారి 1989, 1991లలో, దుంపా మేరీ విజయకుమారి 1999లో గెలిచారు. ఆ కాలమంతటా లోక్‌సభలో స్త్రీలు పదిశాతం దాటలేదు. ఇక్కడ పదకొండింటిలో ఏడు విజయాలు వారివే. వీటిలో ఏ ఒక్కటీ మహిళా రిజర్వేషన్ వల్ల వచ్చింది కాదు. టికెట్టు ఇచ్చింది పార్టీలే కాబట్టి, దీన్ని అడవిలోని స్త్రీలందరి సాధికారతగా లెక్కకట్టలేం. ఆదివాసి ప్రాంతం స్త్రీని నాయకురాలిగా ఒప్పుకోదన్న వాదన మాత్రం ఈ లెక్క ముందు నిలవదు.

ముగింపు

2008 నియోజకవర్గాల పునర్విభజనలో భద్రాచలం లోక్‌సభ స్థానమే రద్దయింది. 2014లో పోలవరం ప్రాజెక్టు ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి, భద్రాచలం పట్టణం తెలంగాణలో మిగిలింది. ఈ నేలపై ఓటు విలువను హద్దులు గీసే చేతులే ఎక్కువగా నిర్ణయించాయి. చట్టసభల్లో స్త్రీలకు మూడోవంతు స్థానాలిచ్చే 2023 నాటి 106వ సవరణను కూడా పునర్విభజనకే ముడిపెట్టారు. ఆ గీతలు గీసేవారు భద్రాచలం లెక్కను ముందు చదవాలి.