ముప్పై దాటని బండి ఎందుకు పట్టేసింది?

చప్పుడు మారింది.

ఖరగ్‌పూర్ నుంచి సలువా వెళ్ళే దారిలో, సిలిండరు రీబోరు చేయించి కొత్త పిస్టను వేసిన యెజ్డీ రోడ్‌కింగ్ ఉన్నట్టుండి బరువెక్కింది. గ్రిప్పు తిప్పినా లాగడం లేదు. ట్యాంకు కింద నుంచి సన్నగా కీచుమంటోంది. కుర్రాడు ఎడమచేతి వేళ్ళన్నీ బిగించి క్లచ్చు పట్టేశాడు. ఆ పని క్షణం ఆలస్యమైతే వెనక చక్రం బిగుసుకుని, బండి అడ్డం తిరిగి, వెనక కూర్చున్న స్నేహితుడితో సహా రోడ్డు మీద పడేవాడు. ఇంజిన్ ఆగింది. బండి ఆ ఊపుతోనే కొంతదూరం పోయి నిలబడింది.

"మామయ్యా, ముప్పై దాటలేదు, ఒట్టు!" అన్నాడు ఫోనులో.

"కిక్కు కొట్టకు. చల్లారనీ. నేనొస్తన్నాను."

వాళ్ళ పేర్లు ఇక్కడ అక్కర్లేదు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో ఉత్తరాంధ్ర నుంచి ఖరగ్‌పూర్ వచ్చి స్థిరపడ్డ కుటుంబం. మామయ్య క్యారేజ్ అండ్ వ్యాగన్ ఫిట్టరుగా రిటైరయ్యాడు. అక్కడి స్టేషన్లో కిలోమీటరు పొడవు దాటిన ప్లాట్‌ఫారం మీద నిలబడి, వస్తున్న బండి చక్రాల్ని చూస్తూ, వింటూ, వాసన పసిగడుతూ హాట్ యాక్సిల్ (వేడెక్కిన ఇరుసు బేరింగు) కనిపెట్టిన మనిషి. బేరింగు ఎందుకు వేడెక్కిందో తేలకుండా బండిని కదలనివ్వకూడదన్నది ఆయనకు ఉద్యోగం నేర్పిన పాఠం.

రాగానే వేగం సంగతి అడగలేదు. "ఏ గేర్లో వచ్చేవు?"

"టాపులో."

"ఇద్దరూ ఎక్కి, టాపులో ముప్పయ్యా? ఇంజిన్ని ఈడ్చుకొచ్చేవురా."

రీబోరు చేయించిన బండిని నెమ్మదిగా నడపమని ఊరంతా చెబుతుంది. సగం సలహా అది. కొత్త పిస్టనుకు అసలు శత్రువు వేడి, ఆ తర్వాత నూనె అందకపోవడం. పెద్ద గేరులో, తక్కువ తిరుగుడులో, గ్రిప్పు బాగా తిప్పి బరువు లాగిస్తే స్పీడోమీటరు ముప్పై చూపిస్తున్నా లోపల వేడి పేరుకుంటూనే ఉంటుంది. పిస్టను అల్యూమినియం, సిలిండరు పోత ఇనుము. ఒకే వేడికి అల్యూమినియం ఇనుము కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. మధ్యనున్న సందు కాస్తా పూడిపోతే పిస్టను గోడను పట్టేస్తుంది.

ఇంటికి తోసుకెళ్ళి విప్పారు. పిన్ను రంధ్రాలకు అటూ ఇటూ నాలుగు చోట్ల పిస్టను గీసుకుపోయి ఉంది. ప్లగ్గు ఇటుక రంగులో ఉండాల్సింది, తెల్లగా పాలిపోయింది. అంటే గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ.

"గ్రిప్పు వదిలితే చప్పుడు వెంటనే దిగేదా?"

కుర్రాడు ఆలోచించాడు. "లేదు మామయ్యా. కాసేపు అలాగే అరిచేది."

కారణం అక్కడే దొరికింది. ఇంజిన్ కట్టేటప్పుడు బాగానే ఉందని క్రాంకు చివరి పాత ఆయిల్ సీలునే వదిలేశారు. టూ స్ట్రోకులో క్రాంకు పెట్టె ఖాళీ డబ్బా కాదు, మిశ్రమాన్ని పీల్చి పైకి తోసే పంపు. సీలు కారితే దొంగగాలి దూరుతుంది, మంట వేడెక్కుతుంది. భద్రమని కుర్రాడు ట్యాంకులో నూనె మోతాదుకు మించి పోశాడు కూడా. అదే జెట్టులోంచి నూనె ఎక్కువ వెళితే పెట్రోలు ఆ మేరకు తగ్గుతుంది. మంచి చెయ్యబోయి గాలికే సాయం చేశాడు.

అదృష్టం, పిస్టను పగల్లేదు. సిలిండరు గోడకు అంటిన అల్యూమినియం తీసి, హోనింగు చేయించారు. తెల్లగుడ్డతో తుడిస్తే మరక పడనంత వరకూ సబ్బునీళ్ళతో కడిగారు. ఈ కడుగుడు దగ్గర బద్ధకిస్తే, మిగిలిన రాపిడి పొడి కొత్త రింగుల్ని తినేస్తుంది. రింగును సిలిండర్లోకి తోసి, దాని కొసల మధ్య సందును ఫీలర్ గేజితో కొలిచారు. క్రాంకు సీళ్ళు రెండూ కొత్తవే వేశారు.

మొదట బండిని నిలబెట్టే ఇంజిన్ వేడెక్కించి, ఆపి, పూర్తిగా చల్లారనిచ్చారు. మళ్ళీ, మళ్ళీ. తర్వాతే రోడ్డు.

"ఒకే వేగాన పోకు. కాస్త లాగు, కాస్త వదులు. బరువనిపిస్తే గేరు దించు. జోరుమీద గ్రిప్పు మూసేసి అలాగే ఉంచేయకు."

ఈ చివరి మాట చాలామందికి తెలియదు. ఈ బండిలో నూనె వచ్చేది పెట్రోలుతోనే. గ్రిప్పు మూస్తే పెట్రోలు బాగా తగ్గుతుంది, దాంతో నూనె కూడా తగ్గుతుంది, కానీ చక్రం ఇంజిన్ని ఇంకా తిప్పుతూనే ఉంటుంది. అందుకే క్లచ్చు నొక్కాలి, లేదా గ్రిప్పును నడుమనడుమ చిటికెడు తెరవాలి.

ఈసారి ఒక్కడే చౌరంగీ కూడలి దాకా వెళ్ళొచ్చాడు. ప్లగ్గు విప్పితే ఇటుక రంగు. గ్రిప్పు వదలగానే చప్పుడు దిగుతోంది.

"అయిదొందల కిలోమీటర్లు ఇలాగే తిప్పు," అన్నాడు మామయ్య ప్లగ్గు బిగిస్తూ. "అప్పుడు మళ్ళీ ప్లగ్గు చూద్దాం. ఆ తర్వాతే వెనకాల ఎవర్నైనా ఎక్కించుకో."