దయ్యాల కథలకు ఋతువు

హాలోవీన్ రాత్రి భయానక గ్రంథములను చదువుటయు, చలనచిత్రములను చూచుటయు ఆ పండుగంత ప్రాచీనమైన ఆచారమని పలువురు తలంతురు. కాని పరిశీలించినచో పండుగ మాత్రమే ప్రాచీనము, ఆచారము మిక్కిలి నూతనము. శీతకాలారంభమున ఐర్లండు దేశపు కెల్టులు జరుపుకొనిన ఉత్సవమును, నవంబరు 1వ తేదీన క్రైస్తవులు జరుపు సకల పరిశుద్ధుల పండుగయు కలిసిపోగా, దాని ముందటి రాత్రి ప్రేతసంచారమునకు ప్రసిద్ధమయ్యెను. స్కాట్లండు కవి రాబర్ట్ బర్న్స్ 1785లో ఈ రాత్రిని గూర్చి కావ్యము వ్రాసెనుగాని, అందు ప్రధానమైనవి పల్లెపడుచులు తమ కాబోవు వరులను తెలిసికొనుటకు చూచుకొను శకునములే.

ఆంగ్లేయులకు దయ్యాల కథల కాలము క్రిస్మస్. డికెన్స్ 1843లో వెలువరించిన ‘క్రిస్మస్ కెరోల్’ ప్రేతకథయే. కేంబ్రిడ్జిలోని కింగ్స్ కళాశాలలో ఎం. ఆర్. జేమ్స్ పండితుడు క్రిస్మస్ వేళనే మిత్రులకు తన కథలను చదివి వినిపించెడివాడు. వాషింగ్టన్ ఇర్వింగ్ 1820లో ప్రకటించిన తలలేని రౌతు కథ శరత్కాలమున నడచినదే యైనను, అందు హాలోవీన్ ప్రసక్తియే లేదు. యూనివర్సల్ సంస్థ సైతము 1931లో ‘డ్రాక్యులా’ను ఫిబ్రవరిలోను, ‘ఫ్రాంకెన్‌స్టైన్’ను నవంబరులోను విడుదల చేసెను.

భయమును అక్టోబరు మాసమునకు కట్టివేసినది, నా అభిప్రాయమున, అమెరికా టెలివిజన్. 1957లో ఆ పాత యూనివర్సల్ చిత్రములు మొదలైన 52 చిత్రములను టెలివిజన్ కేంద్రములకు విక్రయింపగా, వెనుకటి తరము థియేటరులో చూచి మరచిన భూతములు నట్టింటిలోనికి వచ్చినవి. రే బ్రాడ్‌బరీ 1962 నాటి నవలలో హాలోవీన్‌కు ముందటి దినములనే కథాకాలముగా గ్రహించెను. 1966లో టెలివిజన్‌లో వచ్చిన చార్లీ బ్రౌన్ అను బొమ్మల బాలుని గుమ్మడికాయ కథ పిల్లలకు ఏటేటి వేడుకయయ్యెను. తుదకు 1978లో జాన్ కార్పెంటర్ స్వల్పవ్యయముతో తీసిన చిత్రము పండుగ పేరునే తన పేరుగా ధరించెను; కాలిఫోర్నియా వసంతములో చిత్రీకరణ జరిగినందున, రంగు వేసిన ఎండుటాకులను వీథులలో వెదచల్లి, తిరిగి ఏరుకొని, శరత్తును కల్పించిరి.

ఆ పిమ్మట రక్తపాతమే భయమనుకొను చిత్రములు వెల్లువెత్తినవి. వాని మధ్య షిర్లీ జాక్సన్ 1959లో వ్రాసిన ‘ది హాంటింగ్ ఆఫ్ హిల్ హౌస్’ నవలయు, రాబర్ట్ వైజ్ 1963లో దానిని అనుసరించి తీసిన చిత్రమును నాకు శిరోభూషణములుగా తోచును. ఆ చిత్రమున దయ్యము ఒక్కసారియు కనుపింపదు. గోడల వెనుక మ్రోగు దెబ్బలును, ఊపిరి పీల్చినట్లు లోనికి ఉబ్బు తలుపును తప్ప మరేమియు లేదు. ప్రేక్షకుని మనస్సే శేషమును కల్పించుకొనును. 1999లో అదే కథను మరల తీసినవారు యంత్రకల్పనలతో సర్వమును ప్రత్యక్షము చేసిరి. ఆ చిత్రమున భయము నిలువలేదు.

కావున ఈ అక్టోబరున ఏదో యొకటి ఎంచుకొనదలచిన పాఠకులు ముందుగా జాక్సన్ నవలను చదివి, ఆ తరువాతనే 1963 నాటి చిత్రమును చూడవలెనని నా మనవి.